కీబోర్డు మధ్యలో కీలు పలకట్లేదు, సెమీ క్రిస్మస్ నెత్తి మీదకొచ్చేసింది, నేనే విప్పేయొచ్చా?

గోదారిగట్టు:
అందరికీ నమస్తే అండి. మాది కోనసీమలో చిన్న ఊరు, మా చర్చిలో కీబోర్డు నేనే వాయిస్తాను. 61 కీలది, తబలా హార్మోనియం టోన్లు ఉంటాయే ఆ ఇండియన్ మోడల్, కొని ఏడేళ్ళవుతుంది. ఈ వానల్లో రెండు నెలలు దాని జోలికే పోలేదు, గుడ్డ కప్పి స్టేజీ వెనకాల బల్ల మీద పెట్టేశాం, మొన్న తీసి చూస్తే మధ్య ఆక్టేవ్‌లో ఈ (E), ఎఫ్ (F) రెండూ చచ్చిపోయాయి, జీ అయితే బొటనవేలితో అదిమి పట్టుకుంటే ఎప్పుడో ఒకసారి కుయ్ మంటుంది, దాని పక్కన ఏ (A) ఇంకో రకం, ఎంత మెల్లగా తాకినా సరే ఉలిక్కిపడేలా అరుస్తుంది. మిగతావి బానే ఉన్నట్టున్నాయి. గుడ్డ తీసినప్పుడు చిన్న చీమలు బారులు కట్టి పోతన్నాయండి, దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో తెలీదు.

టౌన్లో షాపుకి తీసుకెళ్తే ఆయన విప్పనైనా విప్పకుండా బోర్డు పోయింది, 4,500 అవుద్ది, పార్టు రావాలంటే మూడు వారాలు అన్నాడు. మాకు 14వ తారీఖు సెమీ క్రిస్మస్. సీలో పాడే పాటలే ఎక్కువ మాకు, ఈ లేకపోతే సా పా ఉండి గా లేనట్టే కదా, ఏం వాయించమంటారు. టంకం పెట్టడం నాకు రాదు, స్క్రూ డ్రైవర్ తిప్పడం మాత్రం వచ్చు. విప్పమంటారా?

టంకం_బాబాయ్:
విప్పకుండానే బోర్డు పోయిందని చెప్పగలిగిన ఆయనకి ఇక్కణ్ణించే ఒక దణ్ణం.

తమ్ముడూ, స్క్రూ డ్రైవర్ పట్టుకునే ముందు ఒక కాగితం పెన్ను పట్టుకో. కింద మొదటి కీ నుంచి పైన చివరి కీ దాకా నల్లవి తెల్లవి అన్నీ వరసగా 1, 2, 3 అని లెక్కపెట్టి, పలకనివి ఏ నంబర్లో రాయి. ఏ కీలు పోయాయన్నది చూస్తే రోగం ఎక్కడుందో సగం తెలిసిపోద్ది. ఎందుకంటే 61 కీలకీ వేరే వేరే వైర్లు ప్రాసెసర్ దాకా లాగరు, గళ్ళ నుడికట్టులాగా అడ్డం కొన్ని గీతలు నిలువు కొన్ని గీతలు వేసి ఒక్కో గడిలో ఒక్కో కీని కూర్చోబెడతారు, ప్రాసెసర్ ఒక్కో గీతనీ సెకనుకి బోలెడు సార్లు తడుముతూ ఏ గడి మూసుకుందో చూసుకుంటుంది. అందులో ఒక గీత తెగిందనుకో, ప్రతి ఆరో కీ, లేదంటే ప్రతి ఎనిమిదో కీ లెక్కపెట్టినట్టు చస్తాయి, లేదా పక్కపక్కన ఆరో ఎనిమిదో కట్టగట్టుకుని పోతాయి. ఆరా ఎనిమిదా అన్నది మోడల్ని బట్టి. అలా ఉంటే రిబ్బన్ కేబుల్ వదులయ్యిందో, టంకం పగిలిందో, డయోడు పోయిందో, అప్పుడు మాత్రం మీటరు తెలిసినవాడు కావాలి. లెక్కకి అందకుండా చిందరవందరగా పోయాయంటే చాలావరకు మురికే.

నువ్వు చెప్పిన ఆ అరిచే ఏ (A) కీ సంగతి నాకు ఇంకా నచ్చింది. ప్రతి కీ కింద రబ్బరు బుడగ ఉంటుంది, అందులో నల్ల కార్బన్ చుక్కలు రెండు, ఒకటి కొంచెం కిందకి ఒకటి కొంచెం పైకి. నొక్కినప్పుడు ముందు ఒకటి బోర్డుకి తగులుతుంది, తరవాత రెండోది. ఆ రెంటికీ మధ్య ఎంత టైం పట్టిందో చూసి నువ్వు గట్టిగా కొట్టావా మెల్లగా కొట్టావా అన్నది తేలుస్తుంది, తక్కువ టైం అంటే గట్టి దెబ్బ అని. మొదటి చుక్క కింద మురికి ఉంటే అది ఆలస్యంగా తగులుతుంది, దాదాపు రెండూ ఒకేసారి తగిలినట్టు లెక్కొస్తుంది, పాపం నువ్వు మెల్లగా నొక్కినా అది గుద్దావనుకుంటుంది. చిప్పు పోయినా బోర్డు కాలినా మామూలుగా ఈ లక్షణం రాదు. 61 కీలకి 122 చుక్కలు, వాటిల్లో నీకు ఓ ఆరేడు మురికి పట్టి ఉంటాయి అంతే.

మధ్యలో ఎఫ్ షార్ప్, జీ షార్ప్ ఎలా ఉన్నాయి? అది చెప్పలేదు నువ్వు.

రాకెట్_రాజు:
బ్రో ఇంత కథ ఎందుకు, కీ సందులోంచి డబ్ల్యూడీ-40 రెండు స్ప్రేలు కొట్టు, లేదంటే విప్పి పెన్సిల్‌తో ఆ నల్ల చుక్కల మీద రుద్దు. మా టీవీ రిమోట్‌కి అలాగే చేశా, సిగరెట్ పెట్టెలో వెండి కాగితం అంటించినా పనిచేస్తది

టంకం_బాబాయ్:
రాజు, నీ రిమోట్‌కి 45 బటన్లు, అవి నొక్కావా లేదా అన్నదే దానికి కావాలి, ఎంత గట్టిగా అన్నది అక్కర్లేదు. వెండి కాగితం అంటిస్తే చుక్క మందం పెరిగి ఆ టైం లెక్క మొత్తం తప్పుతుంది, పైగా బోర్డు మీద కార్బన్ గీతల్ని గీకేస్తుంది. పెన్సిల్ పొడి కొన్నాళ్ళు పనిచేస్తుంది, కాదనను, కానీ రాలిన పొడి దువ్వెన పళ్ళలా ఉండే ఆ గీతల మధ్య పడితే నొక్కకుండానే మోగే కీ తయారవుతుంది. డబ్ల్యూడీ-40 అయితే వద్దే వద్దు, అది నూనె పొర వదులుతుంది, దాని మీదకి దుమ్ము ఇంకా ప్రేమగా వచ్చి అంటుకుంటుంది. పెట్రోలు, థిన్నరు, గోళ్ళరంగు తుడిచేది కూడా వద్దు, ప్లాస్టిక్ కరుగుద్ది.

గోదారిగట్టు:
బాబాయ్ గారూ లెక్కపెట్టానండి. పలకనివి 29, 30. సగం పలికేది 32, అరిచేది 34. నల్లవాటిలో ఎఫ్ షార్ప్ బానే ఉంది, జీ షార్ప్ నొక్కుతుంటే కొంచెం నసుగుతుంది, ఇదివరకు గమనించలేదు. ఆరు ఎనిమిది లెక్కలోకి రావట్లేదు కదండీ? ఇంకో మాట, మా అబ్బాయి లాప్‌టాప్‌కి యూఎస్‌బీతో కలిపి ఏదో మిడి సాఫ్ట్‌వేర్‌లో చూపించాడు, ఎంత గట్టిగా నొక్కామో అందులో అంకె వస్తుంది, మామూలు కీలు మెల్లగా నొక్కితే 30, 40, గట్టిగా కొడితే 110 అలా వస్తన్నాయి, ఆ ఏ (A) కీ మాత్రం ఎలా నొక్కినా 127 యే చూపిస్తుంది.

టంకం_బాబాయ్:
127 కన్నా పైన అంకె లేదు దానికి. ఇంకేం, మురికే. ధైర్యంగా విప్పు.

ఓరుగల్లు_తీగ:
అన్నా నేను ఇట్లాంటియి మూడు విప్పిన, రెండు మావి, ఒకటి దోస్తుది. యమహా అయినా కాసియో అయినా లోపల పద్ధతి ఇంచుమించు ఒకటే, భయపడకు. ముందుగాల అడాప్టర్ గుంజి, బ్యాటరీలు కూడా తీసెయ్, చానామంది బ్యాటరీలు మర్చిపోతరు. నీది అడాప్టర్‌ది అయితే షాక్ భయం లేదు, వెనుక డైరెక్ట్ కరెంటు వైరు పెట్టుకునే పెద్ద మోడల్ అయితే మాత్రం లోపల పవర్ సప్లై బోర్డు మీద చెయ్యి పెట్టొద్దు.

మంచం మీద కాదు, టేబుల్ మీద దుప్పటి పరిచి బోర్లా పెట్టు. అడుగున ఇరవై పైనే స్క్రూలుంటయ్, అన్నీ ఒక్క సైజు కాదు, అదే అసలు తిప్పలు. నేనేం జేస్త అంటే అట్ట ముక్క మీద కీబోర్డు బొమ్మ గీసి ఏ స్క్రూ ఏడికెళ్లి వచ్చిందో ఆడనే గుచ్చుత. పొడుగుది పొట్టిదాని తావుల బిగిస్తే పైకెల్లి పొడుచుకొస్తది, దోస్తుగాని కీబోర్డుకు గట్లనే ఒక బొక్క పడ్డది, ఇప్పటికీ తిడతడు. మూత ఒక్కసారి గుంజకు, స్పీకర్ల వైర్లు దానికే ఉంటయ్, మెల్లగ పుస్తకం తెరిసినట్టు తెరువు. ప్రతి మెట్టుకు ఫోన్ల ఒక ఫొటో కొట్టుకో.

లోపల కీలు ఒక్కొక్కటి విడివిడిగా రావు. ఒక ఆక్టేవ్‌కు మూడు ముక్కలుంటయ్, సీ ఈ జీ బీ ఒక దువ్వెన, డీ ఎఫ్ ఏ ఒక దువ్వెన, నల్లయి ఐదు ఒక దువ్వెన, ఒకదాని మీద ఒకటి పేర్చి వెనుక స్క్రూలు కొట్టి ఉంటయ్. నీకు మధ్య ఆక్టేవ్ ఒక్కటి తీస్తే చాలు, మొత్తం తియ్యకు. కీల సందుల తెల్లగ జిగురులెక్క గ్రీజు ఉంటది, అది తుడవకు, సప్పుడు రాకుండ పెట్టింది, కాని అది రబ్బరుకు మాత్రం అంటొద్దు. కీలు తీసినంక కింద పొడుగు రబ్బరు పట్టీ కనవడ్తది, పన్నెండు బుడగలు.

తుడిచేటందుకు ఐపీఏ కావాలె, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 99 శాతంది, మొబైల్ రిపేర్ చేసేటోళ్ళ దగ్గర ఉంటది, ఒక చిన్న సీసా అడుగు. హైదరాబాద్‌ల అయితే కోఠి గుజరాతీ గల్లీల దొరుకుతది. శానిటైజర్‌తోని చెయ్యకు, దాంట్ల గ్లిజరిన్ ఉంటది, ఆరినంక జిగట. ఇయర్ బడ్డు కొంచెం తడిపి బోర్డు మీది నల్ల గీతలను మెల్లగ ఒత్తుకుంట తుడువు, గిన్నెలు తోమినట్టు రుద్దినవ్ అనుకో ఆ కార్బన్ లేచిపోతది, గదైతే నిజంగనే బోర్డు కొనాలె.

భజన_అక్క:
నేను గుంటూరు దగ్గర, మా భజన మండలికి కీబోర్డు వాయిస్తాను. ఈ మాటలు చదువుతుంటే మా పెట్టె విప్పిన రోజు గుర్తొచ్చింది, లోపల్నించి సాంబ్రాణి మసి, కుంకుమ, ఆ తరవాత అక్షింతలు! ఎవరి పెళ్ళివో. హారతి పళ్ళెం పక్కన పెట్టుకుని వాయిస్తే అంతే మరి.

తమ్ముడూ, తీసేటప్పుడు ఎవరైనా తీస్తారు, ఆ రబ్బరు పట్టీ తిరిగి పెట్టేటప్పుడే ఏడుపొస్తుంది, అది ఎవరూ చెప్పలేదు నీకు. పట్టీ అడుగున చిన్న చిన్న తోకలుంటాయి, అవి బోర్డు చిల్లుల్లోకి పూర్తిగా దిగి అవతల పక్కకి రావాలి. ఒక్క తోక సరిగ్గా దిగకపోయినా అక్కడ పట్టీ ఉబ్బి ఉండి, ఆ కీ నొక్కకుండానే మోగడమో, నొక్కితే లోపలే ఉండిపోవడమో జరుగుతుంది. సూదితో పొడవకు, చిరిగిపోద్ది. మొద్దు చేసిన పళ్ళపుల్ల పెట్టి నెట్టు. తోకలకి ఐపీఏ కొంచెం తడి చేస్తే జారుతుంది, అది ఆవిరైపోతుంది కాబట్టి ఏం కాదు. జిగురు మాత్రం పెట్టొద్దు, బుడగలోంచి గాలి బయటికి పోవడానికి అడుగున సన్నని దారులుంటాయి, అవి మూసుకుంటే కీ బరువెక్కిపోతుంది. పట్టీ మరీ జిడ్డుగా ఉంటే సబ్బునీళ్ళతో కడుక్కోవచ్చు, నేను కడిగాను, కానీ నీడన రాత్రంతా ఆరనిచ్చా. నల్ల చుక్కలకి వేలు తగలనివ్వకు, మన చేతి జిడ్డు కూడా మురికే.

ఈలోపు ప్రాక్టీసు ఆపక్కర్లేదు. నాకు ఒక్క ఈ (E) మాత్రమే పోయినప్పుడు ట్రాన్స్‌పోజ్ ప్లస్ 2 పెట్టి, అంటే బయటికొచ్చే స్వరం నల్లవీ కలిపి రెండు కీలు పైకి జరిగేలా పెట్టి, సా ని ఏ షార్ప్ మీద పెట్టుకుని వాయించాను, బయటికి సీ యే వినిపిస్తుంది, ఆ స్కేల్లో ఈ అసలు తగలదు. నీకు ఆ ఉపాయం పనికిరాదు, ఈ ఎఫ్ పక్కపక్కన రెండూ పోయాయి కాబట్టి, మేజర్ స్కేలు ఏది ఎత్తుకున్నా రెంటిలో ఒకటి తగులుతుంది. నువ్వు ట్రాన్స్‌పోజ్ మైనస్ 12 పెట్టి ఒక ఆక్టేవ్ పైన వాయించు, మధ్య స్థాయే వినిపిస్తుంది. పైన కీలు తక్కువై చెయ్యి ఇరుకవుతుంది, వారం రోజులకి ఓర్చుకో.

గోదారిగట్టు:
అక్కా మైనస్ 12 పని చేసిందండి, నిన్న రాత్రి ప్రాక్టీసు అలాగే లాగించేశాం, కాయిర్ వాళ్ళకి తేడా తెలీలేదు కూడా.

ఇవాళ విప్పేశాను. అట్ట ముక్క మీద స్క్రూలు గుచ్చడం మంచి పని అయ్యింది, 24 వచ్చాయి, మూడు సైజులు. లోపల చూస్తే నాకే సిగ్గేసిందండి, ఈ (E) కీ కింద నుంచి ఏ (A) దాకా చీమలు మట్టీ గుడ్లూ పెట్టి కాపురం చేస్తన్నాయి. వాటితో పాటు ఎండిపోయిన ఏదో మరక, రంగుని బట్టి కూల్ డ్రింక్ అనుకుంటున్నా, పోయినేడు న్యూ ఇయర్ రాత్రి ఎవడో ఒలకబోసి తుడిచేసి నోరు మూసుకున్నాడు, ఎవడో నాకు తెలుసు. తీపి ఉంది కాబట్టే చీమలు అక్కడికే వచ్చాయి అన్నమాట. బ్రష్‌తో దులిపి, ఐపీఏతో బోర్డు మూడు సార్లు తుడిచా, మొదటి బడ్డు నల్లగా, రెండోది గోధుమ రంగు, మూడోది తెల్లగా వచ్చింది. పట్టీ సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టా. తోకలు ఎక్కించడానికి గంటన్నర పట్టింది అక్కా, మీరు చెప్పకపోతే సూదే తీసేవాణ్ణి.

అంతా బిగించి ఆన్ చేస్తే గుండె ఆగింది. ఎఫ్, జీ, ఏ సూపర్‌గా పలుకుతున్నాయి, జీ షార్ప్ కూడా నసగట్లేదు, కానీ కుడి చేతి వైపు 37 నుంచి పైవి ఒక్కటీ మోగట్లేదు, అన్నీ! ఈ ఇంకా పలకట్లేదు. కాసేపు కింద కూర్చుండిపోయాను. పార్టు మూడు వారాలన్న మాట చెవుల్లో మోగుతుంది.

టంకం_బాబాయ్:
లేచి కూర్చో, ఏం కాలేదు. కీల కింద బోర్డు ఒకటి కాదు, పొడుగు ఎక్కువని రెండు ముక్కలుగా చేసి మధ్యలో రిబ్బన్ కేబుల్‌తో కలుపుతారు. సరిగ్గా ఒక కీ నుంచి పైవన్నీ పోయాయంటే ఆ కేబుల్ నువ్వు కదిలించావు, సాకెట్లోంచి ఒక పక్క లేచి ఉంటుంది. మళ్ళీ విప్పి దాన్ని సమానంగా రెండు వైపులా ఒత్తి కూర్చోబెట్టు, వంకరగా కాదు.

ఎలాగూ విప్పుతావు కాబట్టి పలకని ఈ (E) సంగతి కూడా అప్పుడే తేల్చెయ్. మధ్య ఆక్టేవ్ పట్టీ తీసి, పైన తక్కువ వాడే ఆక్టేవ్ పట్టీతో మార్చి పెట్టు. చిట్టచివరిది మాత్రం ముట్టుకోకు, దానికి ఆఖరి సీతో కలిపి 13 బుడగలు ఉండొచ్చు. దాని కింది ఆక్టేవ్‌ది తియ్యి, పన్నెండుకి పన్నెండు సరిపోతుంది. మార్చాక మధ్య ఈ పలికి పైన ఈ మూగబోతే రోగం రబ్బరు చుక్కలో ఉన్నట్టు. మధ్య ఈ యే ఇంకా మూగగా ఉంటే బోర్డు గీతలో. సీలో పాడే పాటలే ఎక్కువన్నావు, కొని ఏడేళ్ళన్నావు కదా, ఈ (E) కింద చుక్క అరిగిపోయిందని నా పందెం.

డాలస్_నాన్న:
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా అమ్మాయిది 88 కీల డిజిటల్ పియానో, కీలు బరువుగా ఉంటాయి, దానిలో రెండు కీలు ఇలాగే ఒక్కోసారి గట్టిగా అరుస్తున్నాయి. దానికీ ఇదే వైద్యమా?

టంకం_బాబాయ్:
డాలస్ గారూ, చాలా వాటిలో అడుగున ఉండేది ఇదే రబ్బరు, ఇదే కార్బన్, కొన్నిటికి రెండు చుక్కల బదులు మూడు. కానీ పైన సుత్తులు, వాటి బరువులు, ఒక్కో కీ విడిగా తియ్యాలి, చెక్క పెట్టెలోంచి మొత్తం బయటికి లాగాలంటే ఇద్దరు మనుషులు కావాలి. వారంటీ ఉంటే ముట్టుకోకండి. లేకపోతే ఒక ఆదివారం మొత్తం ఖాళీ పెట్టుకోండి.

ఓరుగల్లు_తీగ:
గోదారన్నా ఏమయ్యింది, కేబుల్ కూసుందా?

గోదారిగట్టు:
కూర్చుందండి! బాబాయ్ గారు చెప్పినట్టే ఒక పక్క లేచిపోయి ఉంది, వేలితో ఒత్తితే టక్ మంది, పైవన్నీ వచ్చేశాయి. పట్టీలు మార్చి చూశా, మధ్య ఈ ఇప్పుడు గంటలా మోగుతుంది, దాని బదులు పైన ఈ పోయింది, అంటే పందెం మీరే గెలిచారు. కడిగిన పట్టీ వెలుతురులో పెట్టి చూస్తే ఆ ఒక్క చుక్క పక్కవాటిలా నల్లగా లేదు, మధ్యలో నున్నగా మెరుస్తుంది. పైన ఈ మా పాటల్లో ఎక్కడా రాదు, ఒక్క దాంట్లో తప్ప, అది నేను కింద ఆక్టేవ్‌లో వాయించేస్తా. మొత్తం ఖర్చు ఐపీఏ సీసా, బడ్లు కలిపి 190.

కూల్ డ్రింక్ ఒలకబోసినోడు టీ తీసుకొచ్చాడు ఇందాక, స్టేజీ ఎక్కనివ్వలేదు.

చీమలు మళ్ళీ రాకుండా లోపల కలరా ఉండలు వేసేద్దామా అంటున్నారు మా వాళ్ళు, వెయ్యొచ్చా? క్రిస్మస్ అయ్యాక కొత్త రబ్బరు పట్టీ ఒక్కటే కొనాలంటే ఏమని అడగాలి?

భజన_అక్క:
లోపల వద్దమ్మా, కలరా ఉండలు కొన్ని రకాల ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తాయి. బల్ల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టు, మన అమ్మమ్మలు తిండి బీరువాకి పెట్టినట్టు. వారానికి ఒకసారైనా అరగంట వాయించు, వాడని పెట్టెలో చీమలు తేలిగ్గా చేరతాయి.

టంకం_బాబాయ్:
పట్టీ అడుగున గానీ అంచున గానీ అచ్చు పోసిన నంబరు ఉంటుంది, ఆ పట్టీ మీద లేకపోతే పక్కదాని మీద చూడు. మోడల్ పేరు, పన్నెండు బుడగలదా పదమూడుదా, తోకల మధ్య దూరం ఎన్ని మిల్లీమీటర్లు, ఇవి రాసుకుని పట్టీ ఫొటో స్కేలు పక్కన పెట్టి తీసి ఇక్కడ పెట్టు. మళ్ళీ విప్పినప్పుడే తియ్యి, ఇప్పుడు మాత్రం 14 దాకా దాన్ని కదపకు.